ఇంటి స్టూడియోలో పదేళ్ళ ల్యాప్‌టాప్



ఇంట్లో కూర్చుని పాట రికార్డు చేయడం ఇప్పుడెవరికీ వింత కాదు. డిసెంబరు దగ్గరపడితే కోస్తా ఊళ్ళలో కొత్త క్రిస్మస్ పాటలు, కార్తీకం వస్తే అయ్యప్ప భజనలు, తెలంగాణలో ఏడాది పొడుగునా యూట్యూబ్ జానపదాలు. వీటిలో చాలా పాటలు పెద్ద స్టూడియో గడప తొక్కకుండానే మన ఫోన్ల దాకా వస్తున్నాయి. పడగ్గదిలో ఒక మూల బల్ల, దానిమీద ల్యాప్‌టాప్, ఒక మైకు, చిన్న కీబోర్డు, వీధి చప్పుడు రాకుండా కిటికీకి దుప్పటి. సరంజామా అంతే. ఇందులో మైకూ కీబోర్డూ ముచ్చటపడి కొన్నవి. ల్యాప్‌టాప్ మాత్రం చాలా ఇళ్ళలో పాట కోసం కొన్నది కాదు. అక్క ఇంజనీరింగ్ చదివేటప్పుడు కొన్నదో, బావగారు కొత్తది కొనుక్కుని ఇచ్చేసిందో అయి ఉంటుంది. వయసు పదేళ్ళు.

అది మొరాయించడం మొదలుపెట్టగానే ఇంట్లో ఒకటే చర్చ. కొత్తది కొనాలా, దీనికే ఏదైనా వేయించాలా? నన్నడిగేవాళ్ళూ అక్కణ్ణుంచే మొదలుపెడతారు, "ర్యామ్ వేయిస్తే సరిపోతుందా అన్నా?" అని. నేను ముందు వాళ్ళచేత ఒక విషయం చెప్పించుకుంటాను. యంత్రం మిమ్మల్ని ఎదురుచూసేలా చేస్తోందా, పాట మధ్యలో చిటపటమంటోందా? ఆన్ చేసి, కాఫీ తాగి వచ్చినా తెర తెరుచుకోకపోవడం ఒక జబ్బు. తెర చక్కగా తెరుచుకుని, పాట నడుస్తూండగా టప్ టప్ మని గొంతు తెగిపోవడం ఇంకో జబ్బు. మొదటిదానికి మందు దుకాణంలో దొరుకుతుంది. రెండోదానికి చాలావరకు ఖర్చే లేదు. రెండూ ఒకటే అనుకోవడం వల్లే, వేలు పోసి బాగుచేయించాక కూడా "అబ్బే, చిటపట అలాగే ఉంది" అనే మాట వినాల్సి వస్తోంది.

మాటలు గాల్లో తేలిపోకుండా ఒక యంత్రాన్ని ఎదురుగా పెట్టుకుందాం. 2015లో మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించిన రకం. ఇంటెల్ ఐదో తరం ప్రాసెసర్, పేరు ఐ5-5200యు. 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, పక్కన డీవీడీ డ్రైవు. ఐ5 అనగానే నాలుగు కోర్లుంటాయని చాలామంది అనుకుంటారు. ఆ రోజుల్లో బల్లమీద పెట్టే పెద్ద కంప్యూటర్ల ఐ5లో నాలుగు ఉండేవి. ల్యాప్‌టాపుల్లో, పేరు చివర 'యు' ఉన్నవాటిలో రెండే. కరెంటు ఆదా కోసం 15 వాట్లలో సర్దుకునేలా చేసినవి అవి. పైగా ఈ ప్రాసెసర్‌ని మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేసి ఉంటారు కాబట్టి మార్చే వీలు లేదు. మన చేతిలో ఉన్నవల్లా డిస్కు, ర్యామ్, ఆపైన యంత్రాన్ని మనం నడుపుకునే తీరు.

ముందు డిస్కు సంగతి. పాత హార్డ్ డిస్కులో పళ్ళెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. సెకనుకి 90, అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క చదివే మొన కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ఆ మొన ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగడానికి మరో పది, పన్నెండు మిల్లీసెకన్లు. చెదురుమదురుగా పడి ఉన్న ముక్కల్ని ఈ లెక్కన సెకనుకి అరవై దాకా మాత్రమే ఏరి తేగలదు.

ఇక మన అవసరం చూడండి. గొంతు, తబలా, వేణువు, కోరస్ అన్నీ కలిపి ముప్పై ట్రాకులు 24 బిట్‌లో, సెకనుకి 44,100 శాంపిల్స్ చొప్పున రికార్డు చేశామనుకుందాం. అన్నీ కలిపి సెకనుకి 4 మెగాబైట్లు. అది పాత డిస్కుకి కూడా బరువేం కాదు. బరువంతా కంప్యూటర్‌లోనే వాయించే వాద్యాల దగ్గర పడుతుంది. ఒక మంచి పియానో లైబ్రరీలో ప్రతి మెట్టునీ మెల్లగా, కాస్త గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కి విడివిడిగా రికార్డు చేసిన ముక్కలు వేలల్లో ఉంటాయి. కాంటాక్ట్ లాంటి ప్లేయర్లు ఒక్కో ముక్కలో మొదటి కాస్త భాగాన్నే ర్యామ్‌లో ఉంచుకుంటాయి. మెట్టు నొక్కాక, మిగతాది డిస్కు నుంచి అప్పటికప్పుడు లాక్కుంటాయి. రెండు చేతులా స్వరాలు పట్టి పెడల్ తొక్కారంటే ఒకేసారి పదులకొద్దీ ముక్కలు కావాలి. డిస్కు చేతులెత్తేస్తుంది. స్వరం సగంలో ఆగిపోతుంది.

హార్డ్ డిస్కు బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డిలో తిరిగేదీ జరిగేదీ ఏమీ ఉండదు. ఏ మూలనున్న ముక్కైనా మిల్లీసెకనులో పదో వంతులో అందుతుంది. మన యంత్రానికి 2.5 అంగుళాల సాటా రకం, 7 మిల్లీమీటర్ల మందం ఉన్నది సరిపోతుంది. అది సెకనుకి 500 మెగాబైట్ల పైచిలుకు చదువుతుంది. దుకాణంలో ఎన్‌విఎంఇ రకం ఎస్‌ఎస్‌డి అని మూడు వేలు, ఏడు వేలు అంటూ పెద్ద అంకెలు చూపిస్తారు. ఈ వయసు బోర్డుల్లో చాలావాటికి ఆ సాకెట్టే ఉండదు, ఉన్నా మన పనికి ఆ తేడా చెవికి తెలియదు. ముప్పై ట్రాకులకి కావలసింది 4 మెగాబైట్లని ఇందాకే లెక్క వేశాం కదా.

ర్యామ్ సంగతికొస్తే, 4 జీబీలో సగానికి పైగా విండోసే తినేస్తుంది. మిగిలిన దాంట్లో పియానో, తీగ వాద్యాలు, డ్రమ్స్ ఇరుకుకోవాలి. చోటు చాలనప్పుడు విండోస్ కొంత సరుకుని డిస్కు మీదికి తోస్తుంది. అప్పుడు ఎస్‌ఎస్‌డి ఉన్నా పాట కుంటుతుంది. 8 జీబీ చేస్తే గొంతూ, నాలుగైదు వాద్యాలూ పెట్టుకునేవారికి చాలు. సినిమా పాట స్థాయిలో వయొలిన్ల బృందాలు పరిచేవారికి 16 కావాలి. 5200యు ప్రాసెసర్ భరించేదీ అంతవరకే. కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఈ యంత్రానికి కావలసింది డీడీఆర్3ఎల్, 1.35 వోల్టులది. చివర 'ఎల్' లేని పాత డీడీఆర్3 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, సాకెట్లోనూ కూర్చుంటుంది, కానీ అది 1.5 వోల్టుల సరుకు. రెండోది, ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ 64 బిట్‌దా, 32 బిట్‌దా అన్నది. 32 బిట్‌దైతే 16 జీబీ పెట్టినా 4 దాటి వాడుకోదు. ఊరి షాపుల్లో ఎప్పుడో వేయించిన విండోస్‌లో ఇలాంటివి ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

వీటిని బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు, తొందర లేనివాళ్ళయితే. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్‌ని బోర్లా పడుకోబెట్టి, దాని ఆకారం ఒక తెల్లకాగితం మీద గీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడ తీశారో బొమ్మలో అదే చోట టేపుతో అంటించండి. పొట్టివీ పొడుగువీ కలిసిపోయాయంటే, పొడుగు స్క్రూ చిన్న కన్నంలోంచి దిగి మదర్‌బోర్డుకి గుచ్చుకుంటుంది. రెండు మూడు స్క్రూలు రబ్బరు కాళ్ళ కింద, డీవీడీ డ్రైవు తీశాక కనిపించే సందులో దాక్కుంటాయి. అన్నీ తీశాక కూడా మూత రాలేదంటే ఇంకోటి ఉందనే అర్థం, బలం వాడకండి. అంచు తెరవడానికి పాత ఏటీఎం కార్డు చాలు. కీబోర్డు నుంచి వచ్చే పలచని రిబ్బను దగ్గర మాత్రం ఊపిరి బిగపట్టాలి. సాకెట్టు మీద గోధుమరంగులోనో నల్లగానో సన్నటి గొళ్ళెం ఉంటుంది. గోటితో దాన్ని పైకి లేపితే రిబ్బను తనంతట తనే జారి వస్తుంది. గొళ్ళెం లేపకుండా లాగితే కీబోర్డు పోయినట్టే.

తెరిచారు కాబట్టి ఫ్యాను దగ్గరికీ వెళ్ళండి. ఫ్యాను గాలి బయటికి పోయే మూతి దగ్గర రాగి రేకుల వరస ఉంటుంది. దాని లోపలి వైపున పదేళ్ళ దుమ్ము నెట్టుకుపోయి, దళసరి గుడ్డలా పేరుకుని ఉంటుంది. బ్రష్షుతో పైపైన దులిపితే పోదు, పట్టకారుతో పొరలా లాగాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతింటుంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టండి. పాట విషయంలో ఈ దుమ్ము ఎంత పనిచేస్తుందో ఎండాకాలం దాకా తెలియదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పాత డిస్కులో ఉన్నదంతా ఎస్‌ఎస్‌డిలోకి యథాతథంగా కాపీ చేయడం కన్నా విండోస్‌ని కొత్తగా వేసుకోవడమే నాకిష్టం. పదేళ్ళ చెత్త వదిలిపోతుంది. కాకపోతే, ప్లగిన్లు కొన్నవాళ్ళు ముందుగా వాటి లైసెన్సుల్ని పాత విండోస్‌లోనే డీయాక్టివేట్ చేసుకోవాలి. ఫార్మాట్ కొట్టేశాక ఆ కంపెనీలకి ఈమెయిళ్ళు రాస్తూ కూర్చోవడం నరకం.

సరే, ఎస్‌ఎస్‌డి వచ్చింది, ర్యామ్ పెరిగింది, ల్యాప్‌టాప్ అరనిమిషంలో లేచి కూర్చుంటోంది. పాట మొదలుపెట్టారు. పల్లవి దాకా బాగుంది. చరణంలో టప్, టప్. ఇక్కడే చాలామందికి నీరసం వచ్చేస్తుంది. ఈ చిటపట ఎలా పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

పెళ్ళి పంక్తి గుర్తు తెచ్చుకోండి. వంటశాలలో గుండిగ నిండా సాంబారుంది. వడ్డించే కుర్రాడు బకెట్టు నింపుకుని పంక్తిలోకి వస్తాడు. అతని బకెట్టు ఖాళీ అయ్యేలోగా రెండో బకెట్టు రావాలి. బకెట్టు పెద్దదైతే మధ్యలో ఎవరికీ ఇబ్బంది లేదు, కానీ అది నిండి వచ్చేదాకా మొదటి విస్తరి దగ్గర మనిషి కాచుకోవాలి. చిన్నదైతే వెంటనే వస్తుంది, కానీ వంటశాలకీ పంక్తికీ నిమిషానికి పదిసార్లు తిరగాలి. గుమ్మంలో ఎవరో అడ్డం నిలబడి ఒక్క క్షణం ఆపినా చాలు, విస్తరి ముందు చెయ్యి ఆగిపోతుంది. ఆ బకెట్టే బఫర్. ప్రాసెసర్ ప్రతిసారీ అన్ని శాంపిల్స్ లెక్కకట్టి సిద్ధంగా ఉంచాలి. బఫర్ 512 పెడితే అందుకు 11.6 మిల్లీసెకన్ల గడువుంది. 128 పెడితే 2.9 మాత్రమే. గడువు దాటిన ప్రతిసారీ స్పీకర్లో ఒక టప్. ప్రాసెసర్ సగటున పదింట మూడు వంతులే పనిచేస్తున్నా సరే, ఒక్కసారి గడువు తప్పితే శబ్దం తెగుతుంది. వెయ్యిసార్లు వేళకి వచ్చి ఒక్కసారి తప్పినా, మనకి వినిపించేది ఆ ఒక్కటే.

అందుకే పాటకి కావలసిన యంత్రం వేగంగా పరిగెత్తేది కానక్కరలేదు, వేళ తప్పనిదై ఉండాలి. 1986లో అటారీ 1040 ఎస్‌టి అనే కంప్యూటర్ వచ్చింది. ప్రాసెసర్ 8 మెగాహెర్ట్జ్, ర్యామ్ 1 మెగాబైటు. ఇవాళ మన ఫోన్లో ఒక ఫొటో కూడా అందులో పట్టదు. కానీ దానికి కీబోర్డుల్ని కలుపుకునే మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉన్నాయి. జర్మనీలో హాంబర్గ్‌కి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో క్యూబేస్ అనే సంగీత ప్రోగ్రాంని మొదట ఆ అటారీ కోసమే విడుదల చేసింది. అది గొంతుని రికార్డు చేసేది కాదు, ఏ కీబోర్డు ఏ క్షణంలో ఏ స్వరం పలకాలో చెప్పేది. చెప్పిన క్షణం మాత్రం తప్పేది కాదు. అంతకన్నా ఎన్నో రెట్లు వేగమైనవి వచ్చాక కూడా చాలామంది సంగీతకారులు ఆ అటారీని వదల్లేదు.

మరి మన విండోస్ ల్యాప్‌టాప్‌లో గుమ్మానికి అడ్డం పడేవాళ్ళెవరు? కనిపెట్టడానికి లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, ఇంటి వాడకానికి ఉచితం. పాట ప్రోగ్రాం పక్కన పెట్టి దీన్ని ఓ పది నిమిషాలు నడపండి. గీతలు పచ్చగా ఉంటే యంత్రం వేళకి పనిచేస్తోంది. ఎర్రగా పైకి లేస్తే, ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టుకుని ఆపిందో పేరుతో సహా చూపిస్తుంది. పాత ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా దొరికిపోయేది వైఫై. ఊరికే నెట్ కట్టేస్తే చాలదు, డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళి వైఫై కార్డునే డిజేబుల్ చేసి మళ్ళీ చూడండి. ఎర్ర గీతలు అక్కడికక్కడే పడిపోవడం ఎన్నోసార్లు చూశాను. ఆ తరవాత అనుమానితులు బ్లూటూత్, బ్యాటరీని లెక్కపెట్టే డ్రైవర్, గ్రాఫిక్స్. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి, ప్రాసెసర్ కనీస స్థాయి నూటికి నూరు పెట్టండి. లేకపోతే పాట కాస్త నెమ్మదించినప్పుడల్లా ప్రాసెసర్ కునుకు తీస్తుంది, లేచేలోపు గడువు దాటిపోతుంది. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనేదాన్ని ఆపండి. యాంటీవైరస్‌కి పాటల ఫోల్డరు జోలికి పోవద్దని చెప్పండి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

ఇంకో పెద్ద అడ్డంకి విండోస్ సొంత శబ్ద వ్యవస్థ. బ్రౌజరు, నోటిఫికేషన్లు, సినిమా, మన పాట, అన్నిటినీ అది కలిపి స్పీకర్‌కి పంపుతుంది. ఆ కలపడంలో ఆలస్యం అవుతుంది. స్టైన్‌బర్గ్ వాళ్ళే 1997లో ఏసియో అనే దగ్గరి దారి వేశారు. పాట ప్రోగ్రాం విండోస్ మిక్సర్‌ని తప్పించుకుని నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడుతుంది. ల్యాప్‌టాప్‌కి పుట్టుకతో వచ్చిన సౌండ్‌కి సాధారణంగా ఈ డ్రైవర్ ఉండదు. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్‌తో కొంతవరకు సర్దుకోవచ్చు. కానీ గొంతు రికార్డు చేసేవాళ్ళకి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తప్పదు. ఒకటో రెండో మైకు సాకెట్లు, కండెన్సర్ మైకుకి 48 వోల్టులు, కంపెనీ వాళ్ళే రాసిన ఏసియో డ్రైవర్. ఇవి ఉంటే చాలు. మన పాత యూఎస్‌బీ 2.0 సాకెట్టే దానికి ఎక్కువ.

ఆ ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక మీటో, గుండ్రటి నాబో ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట దాని గురించే. పాడేవారి గొంతు మైకులోంచి ల్యాప్‌టాప్‌లోకి వెళ్ళి, లెక్కలన్నీ అయి, హెడ్‌ఫోన్లోకి తిరిగి రావాలంటే బఫర్‌ని రెండుసార్లు దాటాలి. 256 పెట్టినా రానూపోనూ పన్నెండు మిల్లీసెకన్లకి తక్కువ కాదు. గాలిలో శబ్దం పది మిల్లీసెకన్లలో మూడున్నర మీటర్లు పోతుంది. కచేరీలో పక్కనున్న మృదంగం ఆమాత్రం ఆలస్యంగా వినిపించినా ఎవరికీ పట్టింపు ఉండదు. సొంత గొంతు సంగతి వేరు. అది ఎముకల గుండా ఎటూ వెంటనే వినిపిస్తోంది. హెడ్‌ఫోన్లో కాస్త ఆలస్యంగా మళ్ళీ వచ్చేసరికి రెండూ కలిసి డొల్లగా వినిపిస్తాయి, పాడేవారు తెలియకుండానే తాళం ఈడుస్తారు. డైరెక్ట్ మానిటర్ నొక్కితే గొంతు ల్యాప్‌టాప్‌లోకి పోకుండానే హెడ్‌ఫోన్లోకి వస్తుంది. ప్రోగ్రాంలో ఆ ట్రాకు మానిటరింగ్ ఆపేయడం మరవకండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ఇక బఫర్ 1024 పెట్టుకున్నా పాడేవారికి ఇబ్బంది లేదు, యంత్రానికి 23 మిల్లీసెకన్ల గడువు దొరికింది. కీబోర్డు వాయించేటప్పుడు మాత్రం ఈ ఉపాయం పారదు, ఎందుకంటే ఆ శబ్దం పుట్టేదే ల్యాప్‌టాప్‌లో. అప్పుడు బఫర్ తగ్గించుకోవాల్సిందే.

ఎండాకాలం సంగతి చెబుతానన్నాను. రోహిణి కార్తెలో పాట రికార్డు చేయాలనుకోండి. మైకు ఆన్ చేయగానే సీలింగ్ ఫ్యాను ఆపేస్తాం, కూలర్ ఆపేస్తాం, కిటికీ మూసేస్తాం. గది నలభై డిగ్రీలకి చేరుతుంది. మనుషులకే కాదు, ల్యాప్‌టాప్‌కీ అదే గాలి. లోపల దుమ్ము గుడ్డ కట్టి ఉంటే ప్రాసెసర్ తొంభై డిగ్రీలు దాటుతుంది, కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఉదయం చక్కగా నడిచిన ప్రాజెక్టు మధ్యాహ్నం చిటపటలాడడానికి తరచూ కారణం ఇదే. పైగా ల్యాప్‌టాప్ ఫ్యాను హోరు మైకులోకి వస్తుంది. మైకు కార్డియాయిడ్ రకమైతే అది వెనకవైపు శబ్దాన్ని బాగా తగ్గించి తీసుకుంటుంది. అందుకని మైకు వీపు ల్యాప్‌టాప్ వైపు ఉండేలా నిలబడి పాడండి. వీలైతే తెల్లవారుజామునే పాడేయండి. ఆ వేళ గొంతుకీ యంత్రానికీ రెండింటికీ హాయి.

రికార్డు చేసిన దానిలో 'గుయ్' మని సన్నటి హోరు వస్తోందంటే ల్యాప్‌టాప్‌ని తిట్టకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఆ హోరు కూడా యాభై దగ్గరో, దాని రెట్టింపు నూరు దగ్గరో పలుకుతుంది. ఒకసారి ఛార్జర్ పీకి చూడండి. హోరు మాయమైతే తప్పు ఎర్తింగ్‌ది. మన ఇళ్ళలో చాలాచోట్ల మూడో కన్నం గోడకి అందానికి ఉన్నట్టే, దాని వెనక తీగ ఎటూ వెళ్ళదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు సరిచేయించడం కూడా స్టూడియోకి పెట్టిన ఖర్చే. అంతేగాని హోరు పోయింది కదా అని మూడో పిన్ను విరిచేసి వాడకండి, ప్రాణం మీదికొస్తుంది. అద్దె ఇంట్లో అదేమీ కుదరనివారు గొంతు తీసేటప్పుడు మాత్రం బ్యాటరీ మీద నడుపుకోండి. అంటే బ్యాటరీ కొత్తది కావాలి. పాతది ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెడుతోందంటే ఆ రోజే ఆపేయాలి, దాని మీద ఇంకో పాట వద్దు.

రెండు కోర్ల యంత్రంతో పెద్ద పాట ఎలా లాగాలి? ఫ్రీజ్ చేసుకుంటూ పోవాలి. కీబోర్డు భాగం వాయించడం అయిపోయిందా, దాన్ని మామూలు ఆడియోగా మార్చేసి అసలు వాద్యాన్ని నిద్రపుచ్చండి. ప్రాసెసర్ కష్టమంతా పోయి, మిగిలేది డిస్కు నుంచి చదవడమే. ప్రతి ట్రాకుకీ ఒక రీవెర్బ్ పెట్టకుండా, ఒకటే పెట్టి అన్నిటినీ దాంట్లోకి కొంచెం కొంచెం పంపండి. వినడానికీ అందరూ ఒకే గదిలో పాడినట్టుంటుంది. 96 కిలోహెర్ట్జ్ మోజు వదిలేయండి, దానికి పనంతా రెట్టింపు. యూట్యూబ్ వీడియో కోసమైతే 48 చాలు. గొంతు తీసే రోజున మాస్టర్ మీది లిమిటర్లన్నీ ఆపి ఉంచండి. ముందుచూపుతో పనిచేసే లిమిటర్లు పాట మొత్తాన్నీ ఆలస్యం చేస్తాయి. ఇవన్నీ నాసిరకం సర్దుబాట్లని అనుకోనక్కరలేదు. వాద్యాన్ని ఆడియోగా మార్చేశాక ఇక దాన్ని గెలకలేం కాబట్టి, పాట త్వరగా పూర్తవుతుంది. నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఇక విండోస్ చిక్కు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి, మన ఐదో తరం లేదు. బలవంతంగా వేసే కిటుకులు చాలామంది చెబుతారు. పాట పనికి అంత సాహసం వద్దంటాను. దానికి బదులు ఆ ల్యాప్‌టాప్‌ని నెట్ లేని యంత్రంగా ఉంచేయండి. బ్యాంకు పనులూ మెయిళ్ళూ ఫోన్లో చూసుకోండి. వైఫై ఎటూ ఆపమన్నాను కదా, ఒక పనికి రెండు లాభాలు. లైనక్స్ మీద ఆసక్తి ఉన్నవారికి ఉబుంటు స్టూడియో ఉంది, ఆర్డర్ అనే మంచి రికార్డింగ్ ప్రోగ్రాం ఉంది. గొంతూ గిటారూ తీసుకునేవారికి అవి చక్కగా సరిపోతాయి. కాంటాక్ట్ లైబ్రరీల మీద బతికేవారికి మాత్రం ఆ దారి ముళ్ళదారే.

ప్రోగ్రాంల మాట వచ్చింది కాబట్టి, పాత యంత్రానికి నేను రీపర్ పేరు చెబుతాను. ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో మనమంతా ఎంపీ3 పాటలు విన్న విన్‌యాంప్ గుర్తుందా? దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెలే తరవాత రీపర్ని తయారుచేశాడు. తేలిగ్గా ఉంటుంది, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది, 60 రోజులు ఏ ఆంక్షా లేకుండా వాడి చూడనిస్తారు. దొంగ కాపీల ప్లగిన్లు వేసి చిటపటల కోసం వెతకడం కన్నా, దీంట్లో ఉన్న సొంత ప్లగిన్లతో పాట పూర్తిచేయడం మేలు.

చివరిగా, ఎంతవరకు ఖర్చు పెట్టాలి? కొన్న వస్తువు రేపటి ల్యాప్‌టాప్‌కి కూడా పనికొస్తుందా అని చూడండి. మైకు, హెడ్‌ఫోన్, ఇంటర్‌ఫేస్ పదేళ్ళు మీతోనే ఉంటాయి. ఎస్‌ఎస్‌డిని రేపు చిన్న డబ్బాలో పెట్టి యూఎస్‌బీ డిస్కుగా వాడుకోవచ్చు. డీడీఆర్3ఎల్ ర్యామ్ మాత్రం ఈ యంత్రంతోనే సహగమనం చేస్తుంది, కొత్తవాటిలో పట్టదు. అందుకని నేనైతే ఎస్‌ఎస్‌డీ ఇంటర్‌ఫేసూ ముందు కొంటాను. ర్యామ్ 8 దాకా పెంచుతాను, అదీ సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే. 16 జీబీ, కొత్త బ్యాటరీ, కొత్త కీబోర్డు అన్నీ కలిపి లెక్కవేస్తే, ఆఫీసులు వదిలేసిన ఎనిమిదో తరం ల్యాప్‌టాప్ ధరకి దగ్గరపడుతుంది. ఆ తరంతోనే 'యు' రకం ఐ5లో కోర్లు నాలుగయ్యాయి. ఉదాహరణకి 2017లో వచ్చిన ఐ5-8250యు. విండోస్ 11 కూడా ఎక్కుతుంది.

అలాంటిది కొనడానికి సికింద్రాబాద్ సీటీసీకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో, మీ ఊళ్ళో నమ్మకమైన షాపుకో వెళ్ళేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోండి. రీపర్ని పెన్‌డ్రైవ్ మీదే ఇన్‌స్టాల్ చేసుకునే వీలుంది. అందులో మీ పాటల్లోకెల్లా బరువైనదాన్ని, రీపర్ సొంత ప్లగిన్లతో తయారుచేసి, పెట్టుకోండి. మీ ఇంటర్‌ఫేసూ హెడ్‌ఫోనూ తీసుకెళ్ళండి. షాపు అతను ముఖం చిట్లించినా పరవాలేదు, అమ్మే ఉద్దేశం ఉన్నవాడు పది నిమిషాలు ఆగుతాడు. డ్రైవర్ వేయించి, బఫర్ 128 పెట్టి, అన్ని ట్రాకులూ కలిసే మూడో చరణం దగ్గర నుంచి నడపండి. మధ్యలో ఒకసారి ఛార్జర్ పీకి చూడండి. చరణం అయిపోయేదాకా టప్ మనకపోతే అప్పుడు బేరం మొదలుపెట్టండి.